ఫిడేలు నాయుడుగారు

సంగీతం మనలాంటి వాళ్లకు అందే విద్య కాదన్న మాట కర్నూలు, కడప హాస్టళ్లలో మేము చాలాసార్లు విన్నాం. ఆ మాట విన్న ప్రతి తమ్ముడూ, చెల్లీ తెలుసుకోవలసిన జీవితం ద్వారం వెంకటస్వామి నాయుడుగారిది.

ఆయన 1893 నవంబరు 8న, దీపావళి నాడు బెంగళూరులో పుట్టారు. పెరిగింది విశాఖపట్నంలో. తండ్రి సైన్యంలో ఉద్యోగి. నాయుడుగారికి చూపు సరిగా ఆనేది కాదు. అన్న వెంకటకృష్ణయ్యగారే ఇంట్లో తొలి గురువై ఫిడేలు నేర్పారు.

1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల మొదలైంది. నాయుడుగారు అక్కడ విద్యార్థిగా చేరదామని వెళ్లారు. ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు ఆయన వాయిద్యం విని, విద్యార్థిగా కాదు, ఫిడేలు ఆచార్యుడిగానే తీసుకున్నారు. 1936లో ఆ కళాశాలకు నాయుడుగారే ప్రిన్సిపాల్ అయ్యారు.

ఆ చేతిలో ఉన్న గొప్ప ఏమిటి? మన వార్షికోత్సవాలకు ఆర్కెస్ట్రావాళ్లు తెచ్చే సింథసైజర్‌తో పోల్చి చూద్దాం. దానిలో ఎల్.ఎఫ్.ఓ. అనే చిన్న ఏర్పాటు ఉంటుంది. అది సాధారణంగా సెకనుకు ఇరవై సార్లకు లోపే ఊగుతుంది కాబట్టి దాని శబ్దం మనకు వినపడదు. కానీ అది మరో శబ్దాన్ని ఊపుతుంది. శ్రుతిని ఊపితే స్వరం వణుకుతుంది. గట్టిదనాన్ని ఊపితే ధ్వని పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఎంత వేగం, ఎంత లోతు అన్నది నాబ్ తిప్పి పెట్టుకోవాలి. పెట్టాక అదే కొలతలో ఊగుతుంది.

మన గమకంలో ఈ పని వేలు చేస్తుంది. తోడిలో గాంధారం బాగా ఊగాలి, మోహనలో దాదాపు నిలకడగా ఉండాలి. ఒకే స్వరంలోనే ఊపు మొదట నెమ్మదిగా ఉండి తర్వాత వేగం కావచ్చు. ఫిడేలుకు మెట్లు లేవు, స్వరం చోటు కంటికి చూపే గుర్తూ లేదు. చెవి, వేలు, కమాను, ఇవే ఆధారం. నాయుడుగారు వాటినే నమ్ముకున్నారు. పక్కవాద్యంగా ఉన్న ఫిడేలును ప్రధాన వాద్యంగా కచేరీలకెక్కించారు.

1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ ఆయనను వరించాయి. 1964 నవంబరు 25న కన్నుమూశారు.

నాయుడుగారికి ఇంట్లోనే పాఠం చెప్పే అన్న ఉన్నారు. ఇంట్లో మొదటి డిగ్రీ మాదే అయిన మాలాంటి వారికి ఆ అన్న హాస్టల్లోనే దొరకాలి. కాబట్టి సంగీతం వచ్చిన పూర్వ విద్యార్థులారా, సెలవు రోజున ఒక్క గంట ఇక్కడికి రండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నాబ్ తిప్పితే వచ్చే ఊపు ఎవరు తిప్పినా ఒకటే. సాధనతో వచ్చే ఊపు మాత్రం ఎవరిది వారిదే. అది మీదీ కావాలని మా కోరిక.