బోర్డు మీది పేరు వెనక ఒక అమ్మ

మా అక్క కూతురు తిరుపతిలో బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది. సెలవులకు చిత్తూరులో మా ఇంటికొచ్చి, పరీక్షలు దగ్గరపడ్డాయని హాల్లో చాప మీద పుస్తకాలు పరుచుకుని కూర్చుంది. బిడ్డ ఎదుగుదల గురించి ఎవరెవరు ఏమేం చెప్పారో బట్టీ పడుతోంది. ఫ్రాయిడ్, పియాజే, ఎరిక్సన్... అందరూ మగవాళ్లేనా అని నేను నవ్వితే, మాంటిస్సోరి ఉంది కదా చిన్నమ్మా అంది. నాకు కాస్త సిగ్గేసింది. సందుకొక బోర్డు మీద చూసే ఆ పేరు ఒక మనిషిదని, అందులోనూ ఒక డాక్టరమ్మదని ఏనాడూ ఆలోచించలేదు. ఆ వారమంతా ఆమె గురించి దొరికిందల్లా చదివాను.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియారవల్లె అనే ఊళ్లో పుట్టింది. ఆడపిల్ల డాక్టరు చదువుతానంటే తండ్రికి నచ్చలేదు. తల్లి రెనిల్డే మాత్రం కూతురి వైపు నిలబడింది. మగపిల్లల మధ్య ఆడపిల్ల శవాన్ని కోయడం మర్యాద కాదని, అందరూ వెళ్లాక ఆ గదిలో ఒంటరిగా నేర్చుకోమన్నారు. నేర్చుకుంది. 1896లో రోమ్‌లో పట్టా పుచ్చుకుంది.

అప్పట్లో బుద్ధి ఎదగని పిల్లల్ని పిచ్చాసుపత్రుల్లో పడేసేవారు. వాళ్లకు మందు కాదు, చేతికి పని, మనసుకి చదువు కావాలని గ్రహించిందామె. అదే పనిలో ఉన్న మాంటెసానో అనే డాక్టరుతో స్నేహం ప్రేమయింది. 1898 మార్చి 31న కొడుకు పుట్టాడు. పేరు మారియో. పెళ్లి కాలేదు. చేసుకుంటే ఆనాటి పద్ధతి ప్రకారం ఉద్యోగం వదులుకోవాలి. పైగా పరువు. బిడ్డను పల్లెలో ఒక కుటుంబానికి అప్పగించింది. మాంటెసానో తర్వాత వేరే ఆమెను పెళ్లాడాడు. ఆమె మాత్రం అప్పుడప్పుడు వెళ్లి కొడుకుని చూసొచ్చేది, తల్లినని చెప్పకుండా.

ఇది చదివి పుస్తకం మూసేశాను. ఊళ్లో బిడ్డలందరికీ నేర్పి, కన్నబిడ్డను వదిలేసిందా అని కోపం కూడా వచ్చింది.

1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లోరెంజో పేటలో, కూలిపనికెళ్లే వాళ్ల పిల్లల కోసం ఆమె మొదటి బడి తెరిచింది. యాభై మందికి పైనే పిల్లలు. ఆమె పాఠం చెప్పడం కంటే చూడటమే ఎక్కువ చేసింది. ఒక మూడేళ్ల పిల్ల కొయ్యదిమ్మలో గుంటలకు తగ్గ కొయ్యముక్కలు అమరుస్తూ, తీసి మళ్లీ అమరుస్తూ, నలభైసార్లకు పైగా చేసింది. చుట్టూ పిల్లలు పాడుతున్నా తలెత్తలేదు. ఇంకోరోజు ఆమె పిల్లలకు ముక్కు ఎట్లా చీదుకోవాలో నేర్పితే అందరూ చప్పట్లు కొట్టారు. చీమిడి ముక్కని అందరూ తిట్టేవాళ్లే గానీ, తుడుచుకోవడం నేర్పిన వాళ్లు అంతకుముందు లేరు మరి!

పుట్టింది మొదలు ఇరవైనాలుగేళ్ల దాకా మనిషి ఎదుగుదలను ఆరేసి ఏళ్ల చొప్పున నాలుగు దశలుగా ఆమె విడదీసింది. మొదటి ఆరేళ్లూ బిడ్డ చుట్టూ ఉన్నదంతా తనకు తెలీకుండానే పీల్చుకుంటుంది. నడకకు, మాటకు, చేతిపనికి దేని కాలం దానిది. మన సీమలో శెనక్కాయలు విత్తడానికి అదును ఉన్నట్టే. అదును రాకముందు తొందరపెట్టినా, వచ్చాక అడ్డుపడినా నష్టమే. రెండున్నరేళ్ల మా వాణ్ణి ఆ పేరే ఉన్న బడిలో వేస్తే, వేళ్లు నొక్కి పట్టి పలక మీద దిద్దించారు. వాడు ఏడుస్తుంటే నేనూ సర్దిచెప్పి పంపాను. ఇప్పుడు తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఆమె తల్లి 1912లో చనిపోయాక, దాదాపు పదిహేనేళ్ల వయసులో మారియో ఆమె దగ్గరికొచ్చాడు. లోకానికి మాత్రం మేనల్లుడనో, పెంచుకున్న బిడ్డనో చెప్పుకునేది. మొదటి ఆరేళ్ల విలువ లోకానికి చాటిన మనిషి, తన కొడుకు ఆరేళ్లనూ పోగొట్టుకుంది. ఆ విలువ ఆమెకు పోగొట్టుకునే తెలిసిందేమో అనిపిస్తుంది నాకు.

ముస్సోలినీతో పడక 1934లో ఇటలీలో ఆమె బడులు మూతపడ్డాయి. 1939లో దివ్యజ్ఞాన సమాజం వాళ్లు పిలిస్తే తల్లీకొడుకులు మద్రాసు అడయారుకు వచ్చారు. మదనపల్లె కాలేజీ పెట్టిన అనిబిసెంట్ ఒకప్పుడు నడిపిన సమాజమే అది. మరుసటి ఏడు ఇటలీ యుద్ధంలో దిగగానే బ్రిటిష్ సర్కారు మారియోను అహ్మద్‌నగర్ శిబిరంలో పెట్టింది. ఆ ఆగస్టులో, ఆమె డెబ్బయ్యో పుట్టినరోజు కానుకగా విడిచిపెట్టింది. వైస్రాయ్ పంపిన తంతిలో అతన్ని ఆమె కొడుకుగానే రాశారు. నలభై రెండేళ్లు దాచిన మాట, తిరుపతి నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరే మద్రాసులో బయటపడింది!

ఆ తర్వాత ఇద్దరూ కలిసి కొడైకెనాల్‌లో, ఇంకా ఎన్నో ఊళ్లలో వెయ్యిమందికి పైగా టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆమె పుస్తకం ‘అబ్సార్బెంట్ మైండ్’ 1949లో మద్రాసులోనే అచ్చయింది. 1952 మే 6న హాలండ్‌లో ఆమె కన్నుమూసినప్పుడు పక్కన ఉన్నది మారియోనే.

ఆమె మంచి తల్లేనా అని మా అమ్మాయిని అడిగాను. పరీక్షలో ఆ ప్రశ్న రాదు చిన్నమ్మా అని నవ్వేసింది. కాలేజీకి వెళ్లాక ఫోన్ చేసింది, పిల్లల వార్డులో డ్యూటీ వేశారట. తినిపించబోతే నోరు తెరవని ఒక బాబుకి చెంచా చేతికిచ్చి ఊరకే చూస్తూ కూర్చుందట. సగం ఒలకబోసుకున్నాడు, మిగతా సగం తనే తిన్నాడు చిన్నమ్మా అని చెప్తుంటే, ఆ గొంతులో సంతోషం ఇక్కడిదాకా వినబడింది.