గణపతిదేవుడు కట్టిన జట్టు

నేను చరిత్ర విద్యార్థిని కాను. ప్రయోగశాలలో బ్యూరెట్టూ పిపెట్టూ పట్టుకునేవాణ్ణి. అయినా ఒక చరిత్ర పురుషుణ్ణి గురించి రాయబూనడానికి కారణం నేను చేసిన తప్పే. క్రిందటేడు మా తరగతి కబడ్డీ జట్టుకు నేను నాయకుణ్ణి. ఆటగాళ్ళుగా నా గది మిత్రులనే ఏరుకున్నాను. రెండో సెక్షనులో ఒకడున్నాడు. కూతకు వస్తే వాణ్ణి పట్టడం ఎవరి తరమూ కాదు. అంతకు ముందు మాకు ఎదురు ఆడాడన్న ఒక్క కారణంతో వాణ్ణి పక్కన పెట్టాను. మొదటి ఆటలోనే ఓడిపోయాం. వాడు గీత అవతల కూర్చుని అంతా చూశాడు, ఒక్క మాట అనలేదు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఆ తరువాత కొద్ది రోజులకు రామప్ప చూడబోయాను. వ్యవసాయదారుని బిడ్డను గనుక నా కళ్ళు గుడికన్నా ముందు చెరువు మీదికీ, దాని కింది వరి మళ్ళ మీదికీ పోయాయి. 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందిన ఆ గుడిని 1213లో నిర్మించింది రాజు కాదు; గణపతిదేవ చక్రవర్తి సేనాని రేచర్ల రుద్రుడు. ఇంతటి ఘనకార్యం సేనాని పేర నిలవనిచ్చిన ప్రభువు ఎటువంటివాడా అని తిరిగొచ్చి గ్రంథాలయంలో వెతికాను.

గణపతిదేవుని జీవితం ఓటమితో మొదలైంది. తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులతో యుద్ధంలో మరణించాడు. గణపతిదేవుడు శత్రువుల చేతికి చిక్కి బందీ అయ్యాడు. రాజు లేని రాజ్యంలో సామంతులు తలలెత్తారు. అటువంటి వేళ ఓరుగల్లు సింహాసనం మీద తానే కూర్చోదలిస్తే రేచర్ల రుద్రుణ్ణి అడ్డేవారెవరు? ఆయన ఆ పని చేయలేదు. తిరుగుబాట్లను అణచి, రాజ్యాన్ని కాపాడి, 1199 ప్రాంతంలో విడుదలై వచ్చిన యువరాజుకు అప్పగించాడు. నమ్మకం అంటే ఏమిటో గణపతిదేవుడు పుస్తకంలో చదివి నేర్వలేదు. తన వెనుక నిలిచినవాణ్ణి కళ్ళారా చూసి నేర్చుకున్నాడు.

నేర్చినదాన్ని ఆయన శత్రువుల విషయంలో సైతం ఆచరించాడు. 13వ శతాబ్ది ఆరంభంలో కాకతీయ సేనలు తీరాంధ్రం మీదికి నడిచాయి. మల్యాల చౌండుడు కృష్ణ సముద్రంలో కలిసేచోటి దివిసీమను జయించాడు. అక్కడి అయ్య వంశీయులు ఓడిపోయారు. గెలిచినవాడు ఓడినవాణ్ణి చెరలో వేయడమో, తరిమివేయడమో ఆ కాలపు రివాజు. గణపతిదేవుడు ఆ ఇంటి ఆడపడుచులు నారమ, పేరమలను వివాహమాడి, వారి సోదరుడు జాయపను తన వెంట తెచ్చుకున్నాడు.

రాజులు వియ్యమందడం వింతేమీ కాదు, ఆ తరువాత జరిగిందే విశేషం. జాయపలో కళాభినివేశం ఉన్నదని గుర్తించి గుండామాత్యుని దగ్గర నృత్య విద్య చెప్పించాడు. పెద్దవాడైన తరువాత గజసాహిణిగా, అనగా ఏనుగుల సేనకు అధిపతిగా నియమించాడు. ఒకప్పటి శత్రువు ఇంటి బిడ్డకు గజబలాన్ని అప్పగించడానికి ఎంత గుండె ధైర్యం కావాలి! రుద్రుడు రామప్ప గుడి నిలిపిన 1213లోనే జాయప తన తండ్రి పేర చేబ్రోలులో చోడేశ్వరాలయం నెలకొల్పాడు. నా కొలువులో ఉన్నావు గనుక నీ తండ్రి పేరు మరిచిపో అని ప్రభువు అనలేదన్నమాట. ఆ జాయపే 1253-54లో నృత్తరత్నావళిని పూర్తి చేశాడు.

పాకాల చెరువు సంగతీ అంతే. దాన్ని తవ్వించిన కీర్తి మంత్రి కుమారుడు జగదాల ముమ్మడిది. ఎవరి పని వారి పేరనే నిలిచింది. సముద్ర వర్తకులతోనూ ఆయన తీరు ఇదే. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారు. 1244-45 నాటి మోటుపల్లి అభయ శాసనంలో ఆయన ఆ దోపిడీని మాన్పించి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటానని రాతి మీద చెక్కించాడు. పడిపోయినవాడి మీద పడి దోచుకోకూడదన్నదే దివిసీమలోనూ, మోటుపల్లిలోనూ ఆయన నీతి.

ఆయన పద్ధతిలో లోటు లేదని నేననను. తాను పెంచిన కాయస్థ వంశంలోని అంబదేవుడే తరువాత రుద్రమదేవి మీద కత్తి దూశాడు. నమ్మకం ఆస్తి కాదు, తండ్రి నుంచి బిడ్డకు దఖలు పడదు. ప్రతి తరమూ మళ్ళీ సంపాదించుకోవలసిందే. అయినప్పటికీ 1199 నుంచి 1262 దాకా అంత విశాల రాజ్యం ఒక్క చేతి కింద నిలిచిందంటే అది కేవలం కత్తి మహిమ అని నాకు తోచదు.

చదవడం ముగించిన నాడే రెండో సెక్షను వాడి గదికి వెళ్ళాను. తలుపు దగ్గర నిలబడి, తప్పు నాదేరా అన్నాను. వాడు నవ్వి చాప జరిపి కూర్చోమన్నాడు. ఈ యేడు నాయకత్వం వాడిది, నేను వెనుక వరుసలో పట్టేవాణ్ణి. ఫైనల్లో ఓడాం. కానీ తిరిగి వస్తూ దారిలో ఎవరూ ఎవరినీ నిందించలేదు. టీ కొట్టు దగ్గర అందరం ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నాం.

రేపు మనలో కొందరు అధికారులవుతారు, కొందరు అధ్యాపకులవుతారు, నాబోటివాళ్ళు కొందరు తిరిగి పొలానికే పోవచ్చు. ఎక్కడున్నా పదిమందితో పని చేయించే రోజు వస్తుంది. ఆనాడు మన ముందు ఓడి నిలిచినవాణ్ణి ఒక్కసారి తేరిపార చూద్దాం. వాడిలో ఒక జాయప ఉండవచ్చు.