మిషన్‌ను తిప్పి పెట్టుకున్న మార్గరెటె



మీ ఇంట్లో ఒక టెడ్డీ బేర్ ఉండే ఉంటుంది. కాశీబుగ్గ బజార్లో కొన్నదో, పుట్టినరోజుకి ఎవరో తెచ్చిందో, దుమ్ము పడుతుందని కవరు కూడా విప్పకుండా బీరువా మీద పెట్టిందో. ఒక్కసారి దాన్ని కిందికి దించి, పొట్ట దగ్గర, చెవుల దగ్గర కుట్లు చూడండి. ఎన్ని గుడ్డ ముక్కలు కలిస్తే ఆ ఆకారం వచ్చిందో మీ పిల్లలతో లెక్కపెట్టించండి. ఇలాంటి మెత్తని బొమ్మల్ని దేశదేశాల పిల్లల చేతుల్లో పెట్టిన ఒక కుట్టుపని ఆవిడ జీవితం ఈ నెల మీకు చెప్పాలనుకుంటున్నాను. ఆమె పేరు మార్గరెటె స్టైఫ్.

ఇప్పటి జర్మనీ దక్షిణ భాగంలో గీంగెన్ అని ఒక చిన్న ఊరు. 1847 జూలై 24న అక్కడ పుట్టింది. తండ్రి ఇళ్లు కట్టే మేస్త్రీ. నలుగురు పిల్లల్లో ఈమె మూడోది. ఏడాదిన్నర వయసులో జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ కాళ్లు రెండూ పడిపోయాయి. కుడి చెయ్యి కదిపితే నొప్పి. అది పోలియో. ఆ జబ్బుకి టీకా రావడానికి అప్పటికింకా వందేళ్లకు పైగా ఉంది. 1955లో గానీ రాలేదు. పల్స్ పోలియో ఆదివారం నాడు చంటిపిల్లల్ని ఎత్తుకుని బూత్ దగ్గర నిలబడిన వాళ్లు మీరు. మన దేశానికి పోలియో పోయినట్టు 2014లో సర్టిఫికెట్ వచ్చింది కాబట్టి మీ పిల్లలకు ఆ పేరు వినడమే కొత్త. కానీ మన అమ్మమ్మల కాలం దాకా ఈ జబ్బు తగలని ఊరు అరుదు.

తల్లిదండ్రులు ఆమెను డాక్టర్ల దగ్గరికి తిప్పారు. తొమ్మిదో ఏట లుడ్విగ్స్‌బుర్గ్ అనే పట్నంలో పిల్లల ఆసుపత్రిలో వైద్యం చేయించారు. తర్వాత వేడినీటి బుగ్గలున్న ఊరికి పంపారు. ఏదీ పనిచెయ్యలేదు. పెద్దయ్యాక ఈ పిల్ల ఎలా బతుకుతుంది, మేం పోయాక ఎవరు చూస్తారు అన్న బెంగ ఆ ఇంట్లో ఎప్పుడూ ఉండేది. ఈ బెంగ తెలిసిన తల్లిదండ్రులు మన స్కూల్లోనూ ఉన్నారు, వాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు.

అయినా బడి మాన్పించలేదు. తోబుట్టువులు, వీధి పిల్లలు కలిసి ఆమెను చిన్న తోపుడు బండిలో కూర్చోబెట్టి లాక్కుని వెళ్లేవారు. బడి దగ్గర ఒకావిడ ఆమెను ఎత్తుకుని మెట్లెక్కించేది. సాయంత్రం ఆటల్లో బండి మధ్యలో ఉండేది, పిల్లలందరూ చుట్టూ. ఆటలు చెప్పేది, గొడవలు తీర్చేది, ఇరుగుపొరుగు పసిపిల్లల్ని ఆడించేది మార్గరెటే. చిన్నపిల్లలకు ఏది నచ్చుతుందో ఆమెకు అక్కడే తెలిసిందని నా అనుకోలు.

ఆ తర్వాత కుట్టుపని బడికి వెళ్తానని పట్టుబట్టింది. ఇంట్లో వాళ్లకు నమ్మకం లేదు. కుడి చెయ్యి సరిగా ఆడని పిల్లకి సూదిపని ఎలా వస్తుంది? మొదట్లో రాలేదు కూడా. కుట్లు వంకర పోయేవి, చెయ్యి తొందరగా అలిసిపోయేది. పదిహేడేళ్లు వచ్చేసరికి రెండు పనులు అయ్యాయి. కుట్టు పూర్తిగా నేర్చుకుంది. ఇక కాళ్లు రావని ఒప్పుకుని వైద్యాల కోసం తిరగడం మానేసింది.

జిథర్ అని తీగల వాయిద్యం ఒకటుంది, ఒళ్లోనో బల్ల మీదో పెట్టుకుని వాయిస్తారు. అది నేర్చుకుని, ఊళ్లో పిల్లలకు పాఠాలు చెప్పి డబ్బులు కూడబెట్టింది. ఆ కాలంలో గీంగెన్ లాంటి ఊరికి కుట్టు మిషన్ వింత వస్తువు. వీళ్లింటికి ఒకటి వచ్చింది. అసలు చిక్కు అప్పుడు మొదలైంది. చక్రం కుడివైపు ఉంటుంది, కుడిచేత్తో తిప్పాలి. ఆమె కుడిచెయ్యి తిప్పలేదు. అప్పుడు ఆమె మిషన్‌నే వెనక్కి తిప్పి పెట్టుకుంది. చక్రం ఎడమవైపుకి వచ్చింది. ఎడమచేత్తో తిప్పుతూ కుట్టేసింది.

ఇక్కడ కాస్త ఆగుతాను. ప్రతి ఏడూ పేరెంట్స్ మీటింగ్‌లో ఒకరిద్దరు నా దగ్గరికి వచ్చి, మావాడు ఎడమచేత్తో రాస్తున్నాడు మేడమ్, మాన్పించండి అని అడుగుతారు. వాడు పుట్టుకతో ఎడమచేతి వాటం, రాత బాగానే ఉంది, మాన్పించే అవసరమే లేదు అని చెబుతాను. కొందరు నమ్ముతారు, కొందరు ఇంటికెళ్లి చేతిమీద స్కేలుతో కొడతారు. మార్గరెటె గురించి చదివిన దగ్గర్నుంచి నాకు ఆ పిల్లల చేతులే గుర్తొస్తున్నాయి.

1874లో తండ్రి ఇంట్లోనే ఆమెకు కుట్టుపని గది కట్టించాడు. అంతకుముందు నమ్మని తండ్రే. 1877లో ఆమె సొంతంగా దుకాణం పెట్టింది. ఫెల్ట్ గుడ్డతో లంగాలు, పిల్లల కోట్లు కుట్టి అమ్మేది. ఫెల్ట్ అంటే నేసిన బట్ట కాదు. ఊలును తడిపి, ఒత్తి, దిట్టంగా పలకలా చేసింది. అందులో పడుగూ పేకా ఉండవు కాబట్టి కత్తిరించినా అంచు పీచులుగా ఊడదు. ఈ చిన్న గుణమే తర్వాత బొమ్మలకి కలిసొచ్చింది.

1879 డిసెంబరులో ఒక ఫ్యాషన్ పత్రికలో గుడ్డ ఏనుగు నమూనా కనిపించింది. సూదులు గుచ్చుకునే దిండుగా పనికొస్తుందని ఫెల్ట్ ముక్కలతో కొన్ని కుట్టి, లోపల ఊలు కూరి, తెలిసినవాళ్లకు కానుకగా ఇచ్చింది. పెద్దవాళ్లు వాటికి సూదులు గుచ్చేలోపే పిల్లలు లాక్కుని ఆడుకున్నారు. అప్పట్లో అక్కడి బొమ్మలంటే చాలావరకు కొయ్యవి, రేకువి, పింగాణీ తలలవి. కిందపడితే పగిలేవి, ఒత్తుకుంటే గుచ్చుకునేవి. పక్కన పెట్టుకుని పడుకోగలిగిన బొమ్మ దొరికితే పిల్లలు వదులుతారా? తమ్ముడు ఫ్రిట్జ్ ఒక సంచి నిండా ఏనుగుల్ని పక్క ఊరు హైడెన్‌హైమ్ సంతకు తీసుకెళ్లి అమ్మి వచ్చాడు. 1886 నాటికి 5,000కు పైగా ఏనుగులు అమ్ముడుపోయాయి. కుక్క, పిల్లి, గుర్రం, కోతి కూడా వచ్చాయి. 1892లో మొదటి కేటలాగు అచ్చయింది.

వ్యాపారం పెరిగింది కానీ ఆమె పద్ధతి మారలేదు. కొత్త బొమ్మ ఏదైనా మొదటి నమూనా తన చేతిలోకి రావాలి. కుట్టు లాగి చూసేది, కూరిక ఒత్తి చూసేది. కొత్తగా కట్టిన ఇంట్లో చక్రాల కుర్చీ వెళ్లడానికి ర్యాంపు పెట్టించారు. ఆ ఇంట్లో ఆమె ఎవరి సాయమూ అడగకుండా తిరిగింది.

తమ్ముడి పిల్లలు ఒక్కొక్కరే పనిలోకి వచ్చారు. వాళ్లలో రిచర్డ్‌కి బొమ్మలు గీయడం ఇష్టం. జంతుప్రదర్శనశాలలో ఎలుగుబంట్లను చూసి నోటుపుస్తకం నిండా గీసుకునేవాడు. 1902లో చేతులూ కాళ్లూ తల కదిలే ఎలుగు బొమ్మను తయారుచేశాడు. మార్గరెటెకి అది అంతగా నచ్చలేదంటారు, బరువని, ఖరీదెక్కువని. 1903 లైప్‌జిగ్ ప్రదర్శనలో ఒక అమెరికన్ వ్యాపారి ఒకేసారి 3,000 ఎలుగులకు ఆర్డరిచ్చాడు. అదే రోజుల్లో అమెరికాలో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కట్టేసి ఉన్న ఎలుగును కాల్చనన్నాడన్న వార్త మీద కార్టూన్ వచ్చింది. ఆయన ముద్దుపేరు టెడ్డీ. ఎలుగు బొమ్మలకి ఆ పేరే స్థిరపడిపోయింది. 1907లో ఒక్క ఏడాదిలో ఈ కంపెనీ 9,74,000 ఎలుగులు చేసింది. ఫ్యాక్టరీలో 400 మంది, ఇళ్ల దగ్గర కుట్టి ఇచ్చేవాళ్లు 1,800 మంది. జీడిపప్పు పొట్టు తీసే పనితో ఇల్లు నడిపే అమ్మలున్న మన పలాస వాళ్లకి ఆ అంకెలో ఎన్ని ఇళ్ల పొయ్యి ఉందో సులువుగా అర్థమవుతుంది.

నకిలీలు బయల్దేరాయి. దాంతో 1904 నుంచి ప్రతి బొమ్మ చెవికీ ఒక లోహపు బొత్తాం బిగించారు. ఈ రోజుకీ ఆ బొత్తామే ఆ కంపెనీ గుర్తు.

1909 మే 9న న్యుమోనియాతో మార్గరెటె చనిపోయింది. 61 ఏళ్లు. కంపెనీ ఇప్పటికీ గీంగెన్‌లోనే ఉంది. ఊళ్లో ఒక హైస్కూలుకు ఆమె పేరు పెట్టారు. తోపుడు బండిలో బడికి వెళ్లిన పిల్ల పేరు బడి గోడ మీద ఉండడం, టీచర్‌ని కదా, నాకు అన్నిటికన్నా నచ్చింది.

ఎనిమిదో తరగతికి క్రాఫ్ట్ పీరియడ్ ఎందుకు, ఆ టైములో ఫౌండేషన్ మ్యాథ్స్ చెప్పొచ్చు కదా అని కొందరు అడిగారు. మ్యాథ్స్ తగ్గించం. కానీ ఒక చదునైన గుడ్డ మీద రెండు పక్కలూ, పొట్ట ముక్కా గీసి, కత్తిరించి, కలిపి, అది లావైన ఏనుగు అవడం చూసిన పిల్లకి త్రీడీ ఆకారం నేను బోర్డు మీద గీసి చెప్పక్కర్లేదు. అది కూడా లెక్కే.

వచ్చే నెల క్రాఫ్ట్ పీరియడ్లలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు గుడ్డ ఏనుగు కుడతారు. పాత నూలు చీర ముక్క ఒకటి, మూరెడు చాలు, ఉతికి పంపండి. మన దగ్గర ఫెల్ట్ దొరకడం కష్టం, నేసిన గుడ్డకు అంచు ఊడుతుంది. అందుకని తిరగేసి కుట్టి, రెండు వేళ్లు పట్టేంత సందు వదిలి, అందులోంచి మంచివైపు బయటికి లాగడం నేర్పుతాం. కూరడానికి బూరుగు దూది గానీ, టైలర్ దగ్గర మిగిలిన కత్తిరింపులు గానీ చాలు. కొబ్బరి పీచు ఉద్దానం అంతా దొరుకుతుంది గానీ గుచ్చుకుంటుంది, వద్దు. కళ్లకి బొత్తాలు పంపకండి, ఇంట్లో చిన్న తమ్ముడో చెల్లెలో ఉంటే పీకి నోట్లో పెట్టుకుంటారు. కళ్లు దారంతోనే కుట్టిస్తాం. సూదులు మేమే ఇచ్చి, లెక్కపెట్టి తీసుకుంటాం. ఎడమచేతి వాటం పిల్లల పేర్లు డైరీలో రాసి పంపండి, వాళ్లను బెంచీకి ఎడమ చివర కూర్చోబెడతాను.