నేతాజీ వెంట నడచిన హైదరాబాదీ: ఆబిద్ హసన్ సఫ్రానీ

గత చలికాలంలో ఒక ఆదివారం ఉదయం, తార్నాకలోని ఒక పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుతున్న నలుగురు విద్యార్థులు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో నన్ను కలిసికొన్నారు. పాఠశాల చరిత్ర ప్రదర్శనకై వారు యుద్ధకాలపు నాయకుడొకరిని ఎన్నుకోవలసి ఉన్నది. వారు ఎన్నుకొన్నది నేతాజీ సుభాస్ చంద్రబోసును. సైనిక దుస్తులలోని చిత్రపటం, పుట్టిన తేదీ, వహించిన పదవులు అట్టపై అతికించడం అప్పటికే పూర్తయినది. అక్కడ వారి పని నిలిచిపోయినది. హిట్లరు సహాయం కోరిన నాయకుని గొప్పవాడని రాయవచ్చునా అని వారిలో ఒక బాలిక అడిగినదట. ఆ ప్రశ్నకు సమాధానం దొరకక, మిగిలిన ముగ్గురూ ఆమెతో పాటు నా వద్దకు వచ్చినారు.

ఆర్ట్స్ కళాశాల మెట్లపై కూర్చుండి నేను వారికి సూటిగా సమాధానం చెప్పలేదు. ఆ నాయకుని పక్కనే నిలిచి, ఆ సందిగ్ధాన్నంతటినీ అనుభవించిన మన నగరవాసి ఒకరి చరిత్ర చెప్పినాను. ఉపాధ్యాయ మిత్రులకు ఉపకరించునేమో అని దానినే ఇక్కడ వివరిస్తున్నాను.

ఆయన అసలు పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. 1911లో హైదరాబాదులో జన్మించినారు. తల్లి ఫక్రుల్ హాజియా బేగం గాంధీజీ మార్గాన్ని నమ్మి ఖద్దరు ధరించిన సాహసి. విదేశీ వస్త్రాలను తన ఇంటి ముంగిటనే తగులబెట్టించిన ఇల్లాలు. ఆనాడు నిజాం ప్రభువు ఆంగ్లేయులకు నమ్మకమైన మిత్రుడు. అటువంటి రాజ్యంలో, ఉన్నతోద్యోగుల కుటుంబంలో ఉండి ఖద్దరు కట్టడం చిన్న సాహసం కాదు. బిడ్డకు దేశభక్తి పాఠం పుస్తకాలకంటె ముందు ఇంటి గుమ్మంలోనే లభించినది. యౌవనారంభంలో ఆబిద్ సబర్మతి ఆశ్రమంలో కొంతకాలం గడపినారు. పిదప ఇంజనీరింగు విద్యకై జర్మనీకి వెళ్ళినారు.

ఆయన దూరదేశంలో ఉన్న ఆ సంవత్సరాలలోనే ఈ విశ్వవిద్యాలయ ప్రాంగణం కూడ కదిలినది. 1938లో వందేమాతరం పాడిన విద్యార్థులను ఇక్కడి నుండి వెళ్ళగొట్టగా, వారిలో పలువురు నాగపూరు చేరి చదువు సాగించినారు. పి.వి. నరసింహారావు వారిలో ఒకరు. మరుసటి సంవత్సరమే ఈ ఆర్ట్స్ కళాశాల భవనం ప్రారంభమైనది. చదువును త్యాగం చేసిన హైదరాబాదు యువకుడు ఆబిద్ ఒక్కడే కాడని విద్యార్థులకు ఈ మెట్ల మీదనే చెప్పడంలో ఒక ఔచిత్యమున్నది.

1941 ఏప్రిల్‌లో బోసు కలకత్తా గృహనిర్బంధం నుండి తప్పించుకొని కాబూలు మీదుగా బెర్లిను చేరినారు. ఆయన ప్రసంగం విన్న ఆబిద్, చదువు ముగించి వచ్చి కలుస్తానని మొదట తలచినారట. చిన్న విషయాల కోసం పెద్ద పని ఆగదని గ్రహించి ఆ తలంపు మానుకొన్నారు. పట్టా రాలేదు. బోసుకు ఆంతరంగిక కార్యదర్శిగా, దుబాసీగా ఆయన కొత్త జీవితం ఆరంభమైనది.

ఆ సంవత్సరం నవంబరులో బెర్లినులో స్వేచ్ఛా భారత కేంద్రం ఏర్పడినది. జర్మనులకు బందీలుగా చిక్కిన భారతీయ సైనికులనుండి ఒక సేన కూర్చడం ఆరంభమైనది. ఆంగ్లేయుల సైన్యంలో సిక్కులకు ఒక దళం, రాజపుత్రులకు ఒక దళం, ముస్లిములకు ఒక దళం అని విడివిడిగా ఉండేవి. ఎవరి వంట వారిది, ఎవరి నమస్కారం వారిది. బోసు ఈ గోడలను కూల్చి అన్ని మతాల వారిని ఒకే దళంలో కలిపినారు. ఆ పనిలో ఆబిద్ కుడిభుజమైనారు. అయితే కలిసిన సైనికులు ఒకరినొకరు ఎట్లు పలకరించుకోవలెను? ఏ మతానికీ చెందని, అందరికీ చెందిన మాట కావలసి వచ్చినది. రామునికి జయం పలుకుతూ పలకరించుకొంటున్న రాజపుత్ర సైనికులను చూచిన ఆబిద్‌కు, ఆ స్థానంలో హిందుస్థాను పేరు పెడితే బాగుండునని తోచినదట. అదే క్లుప్తమై జైహింద్ అయినది.

ఇక్కడ ఒక విద్యార్థి నన్ను అడ్డగించినాడు. ఈ నినాదం కల్పించినవారు కేరళీయుడైన చెంపకరామన్ పిళ్ళై అని తాను చదివినానన్నాడు. ఆ వాదమూ ఉన్నది. పిళ్ళై 1934లోనే బెర్లినులో మరణించినారు. రెండు వాదాలనూ అట్టపై పక్కపక్కనే రాయుమన్నాను. చరిత్ర విద్యార్థికి తన ఊరి మీద అభిమానం ఉండవచ్చును గాని, అది సాక్ష్యానికి బదులు కారాదు.

బోసు 1942 మే నెలలో హిట్లరును కలిసికొన్నారు. భారత స్వాతంత్ర్యాన్ని గురించి కోరిన ప్రకటన లభించలేదు. జర్మనీలో యూదులపై ఘోరమైన హింస జరుగుతున్న కాలమది. యుద్ధకాలంలో బోసు దానిని బహిరంగంగా ఖండించలేదు. ఇది దాచవలసిన విషయం కాదు. మరొకవైపు, మన దేశాన్ని ఆంగ్లేయులు ఏలుతుండగానే 1943లో వంగదేశపు కరవు దాదాపు 30 లక్షల మందిని పొట్టన పెట్టుకొన్నది. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో ఉంచి చూడగల శక్తి పిల్లలకు లేదని మనం భావించరాదు.

1943 ఫిబ్రవరిలో బోసు, ఆబిద్‌లు కీల్ రేవు నుండి జర్మను జలాంతర్గామిలో బయలుదేరినారు. ప్రయాణం ఎక్కడికో ఆబిద్‌కు ముందుగా తెలియదు. మూడు నెలలు సముద్రగర్భవాసం. కాలు చాచ చోటు లేదు. ప్రతి వస్తువుకూ చమురు వాసన. ఎప్పుడు ఏ శత్రునౌక ఎదురగునో తెలియదు. ఆ ఇరుకులోనే బోసు తన గ్రంథానికి సవరణలు చెప్పగా ఆబిద్ రాసుకొనేవారు. ఏప్రిల్ చివర మడగాస్కర్ ద్వీప సమీప సముద్రంలో, పెద్ద కెరటాల నడుమ, ఒక రబ్బరు తెప్పపై ఇద్దరూ జపాను జలాంతర్గామికి మారినారు. మే ఆరంభంలో సుమత్రా వద్ద సబాంగులో నేలపై కాలు మోపినారు.

ఆ అక్టోబరు 21న సింగపూరులో ఆజాద్ హింద్ తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడినది. రవీంద్రుని జనగణమనను అనుసరించి హిందుస్థానీలో దానికి గీతం కూర్చినవారిలో ముంతాజ్ హుసేనుతో పాటు ఆబిద్ కూడ ఉన్నారు. జెండా రంగులపై జరిగిన ఒక వివాదం కూడ చెప్పుకొంటారు. కాషాయం కావలెనని హిందువులు, పచ్చదనం కావలెనని ముస్లిములు పట్టుబట్టి, తుదకు హిందువులే ఔదార్యంతో తమ కోరిక విడిచిరట. ఆ త్యాగానికి మనసు కరగిన ఆబిద్, కుంకుమపువ్వు రంగును సూచించే సఫ్రానీ అనే పదాన్ని తన పేరుకు చేర్చుకొన్నారు. ఆ పేరే ఆయనకు శాశ్వతమైనది.

1944లో ఆయన కార్యదర్శి పదవి వదలి ఇంఫాలు రణరంగానికి వెళ్ళినారు. ఆ యుద్ధం ఓటమితో ముగిసినది. వానలు, మలేరియా, ఆకలి సైనికులను శత్రువుకంటె ఎక్కువగా కబళించినవి. ఆ తిరోగమనాన్ని గురించి ఆయన తరువాతికాలంలో ఇచ్చిన ఉపన్యాసం 1971లో పుస్తకరూపంలో వెలువడినది. అందులో ఆయన తనను గురించి తక్కువగాను, పేరులేని సాటి సైనికులను గురించి ఎక్కువగాను చెప్పినారు.

1945 ఆగస్టు 17న సైగానులో నేతాజీ ఎక్కిన విమానంలో భారతీయులకు దొరికిన చోటు ఇద్దరికే. రెండవ చోటు హబీబుర్ రహ్మానుకు దక్కినది. మూడు నెలలు సముద్రం అడుగున తోడున్న ఆబిద్ మాత్రం వెనుక మిగిలిపోయినారు. మరుసటి రోజు తైహోకులో విమానం కూలినది. ఆ మరణాన్ని గూర్చి 1956 నుండి మూడు విచారణలు జరిగినవి. మొదటి రెండూ ప్రమాదాన్ని ధ్రువపరచగా, 2005లో సమర్పించిన మూడవ నివేదిక దానిని కాదన్నది. ప్రభుత్వం ఆ నివేదికను తిరస్కరించినది. అంతటి ఆప్తుడు కూడ ఆ క్షణానికి ప్రత్యక్షసాక్షి కాడు. సాన్నిహిత్యం వేరు, సాక్ష్యం వేరు అని విద్యార్థులు ఇక్కడ గ్రహించినారు.

చెర నుండి విడుదలైన పిదప ఆయన కొంతకాలం కరాచీలో ఉద్యోగం చేసినారు. దేశవిభజన తరువాత హైదరాబాదు తిరిగివచ్చి, భారత విదేశాంగ సేవలో చేరి, డెన్మార్కులో రాయబారిగా పనిచేసి 1969లో విరమించినారు. ఆయన అన్న కుమార్తె సురయా హసన్, నేతాజీ అన్న కుమారుని వివాహమాడినారు. చేనేత వస్త్రకళను పునరుద్ధరించి ఆమె కీర్తి గడించినారు. ఆబిద్ 1984లో ఈ నగరంలోనే కన్నుమూసినారు.

విద్యార్థులు తమ అట్టను తిరిగి రాసినారు. పెద్ద చిత్రపటం తీసివేసి ప్రపంచపటం అతికించినారు. హైదరాబాదు నుండి బెర్లిను, సబాంగు, సింగపూరు, ఇంఫాలు, సైగాను మీదుగా మళ్ళీ హైదరాబాదు చేరేటట్లు ఎర్రదారం కట్టినారు. ఆ దారం ఇంఫాలు వద్ద కొంచెం వదులుగా వేలాడినది. దానిని సరిచేయవద్దని వారే అనుకొన్నారట. అన్నిటికంటె నాకు నచ్చినది మరొకటి. ఆ బాలిక అడిగిన ప్రశ్నను అట్ట అడుగున యథాతథంగా రాసి, దాని కింద చూచినవారు తమ అభిప్రాయం రాయడానికి ఒక ఖాళీ కాగితం అతికించినారు.

సాయంత్రానికి ఆ కాగితం నిండినదని విన్నాను. పిల్లలు అడిగిన కష్టమైన ప్రశ్నను వాయిదా వేయక, వారి ముందు చరిత్రను ఉన్నది ఉన్నట్లు పరచినచో, తూచడం వారే నేర్చుకొంటారు. జైహింద్ అని నిత్యం పలికే మనం, ఆ పలుకు వెనుక పట్టా వదలుకొన్న ఒక హైదరాబాదు విద్యార్థి ఉన్నాడని తరగతిలో ఒక్కసారి చెప్పగలిగితే, ఆ గంట వ్యర్థం కాదు.