గ్రంథమున నిలిచిన శిల్పి : ఆండ్రియా పల్లాడియో

ఎంత దృఢమైన కట్టడమైనను కాలమునకు లోబడవలసినదే. కొన్ని అగ్నికి ఆహుతియగును. కొన్ని ధనలోపముచే సగములోనే నిలిచిపోవును. అట్టియెడ శిల్పి మనస్సులోని సంకల్పము ఎచ్చట నిలుచును? ఇటలీ దేశపు వాస్తుశిల్పి పల్లాడియో చరిత్రము ఈ ప్రశ్నకు చక్కని సమాధానము.

ఈయన 1508వ సంవత్సరమున పాదువా నగరమున పిండిమర నడుపువాని యింట జన్మించెను. పదమూడవ యేట రాతిపని నేర్వ మొదలిడి, 1524లో విచెంజా నగరము చేరి, సుమారు ముప్పదియేండ్ల ప్రాయమువరకు ఉలియే జీవనాధారముగా బ్రదికెను. అచ్చటి పండితుడు త్రిస్సినో ఇతని ప్రజ్ఞను కనిపెట్టి, చదువు చెప్పి, పల్లాడియో యని నామకరణము చేసి, 1541లో రోము నగరమునకు తోడ్కొనిపోయెను. అచ్చటి ప్రాచీనాలయముల శిథిలములను ఈయన స్వయముగా కొలిచి చిత్రించుకొనెను.

పిదప విచెంజా సభాభవనమునకు చుట్టును తోరణముల వరుసలు, నాలుగు దిక్కుల ముఖమండపములుగల విల్లా రొటోండా, వెనిస్ నగరపు దేవాలయములు ఈయన ప్రతిభకు సాక్ష్యములైనవి.

1570లో వెనిస్‌లో నాలుగు భాగముల వాస్తుగ్రంథమును ముద్రింపించెను. రెండవ భాగమున తాను కల్పించిన గృహముల చిత్రములను కొలతలతో చేర్చెను. ఊరూరికి అడుగు ప్రమాణము వేరుగానుండు కాలమది. అందుచే విచెంజా అడుగును తెలుపు గీతను సైతము ముద్రింపించి, దానిని పండ్రెండు భాగములుగను, ఒక్కొక్క భాగమును మరల నాలుగుగను విభజించెను. కొలమాన మెరుగని లెక్క నిరుపయోగమని భూమి కొలతలతో పరిచయమున్నవా రెల్లరు నెరుగుదురు గదా!

1572లో ఇద్దరు పుత్రులను పోగొట్టుకొని, 1580లో తానును పరమపదించెను. థియేనే వారి భవనము కొంతభాగమే లేచినది. వెనిస్‌లోని కరితా మఠము 1630లో అగ్నిపాలై చాలవరకు నశించినది. అయినను గ్రంథమున రెండును సంపూర్ణముగా దర్శనమిచ్చుచున్నవి.

అయితే గ్రంథము చూపునది కర్త సంకల్పమే. కట్టినదానికిని ముద్రించినదానికిని భేదములు గలవు. విచెంజా వాసియైన బెర్తొత్తి స్కమొజ్జి ఆ కట్టడములను మరల కొలిపించి, 1776 మొదలు 1783 వరకు నాలుగు సంపుటములు వెలువరించి, ఆ భేదములను చూపెను. ఒకటి ఆశయమును రక్షించెను. మరియొకటి వాస్తవమును రక్షించెను. రెండును కూడినగాని శిల్పి మనకు పూర్తిగా తెలియడు.

ఆంగ్లశిల్పి ఇనిగో జోన్స్ 1613లో ఆ గ్రంథము చేతబట్టి ఇటలీకేగి, కట్టడములతో పోల్చి అంచులలో వివరములు వ్రాసికొనెను. రోమును ఎన్నడును చూడని అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్, అందలి ప్రాచీనాలయ చిత్రముల ఆధారముననే వర్జీనియా విశ్వవిద్యాలయమునకు గ్రంథాలయ భవనమును కల్పించెను. 1803లో ఆరంభమైన హైదరాబాదు కోఠీ రెసిడెన్సీ భవనమును ఆ సంప్రదాయమునకు చెందినదే.

మన గ్రామములందును పాత మండపములు, లోగిళ్లు ఏటేట కూలుచున్నవి. వానిని నిలుపు శక్తి మనకు లేకపోవచ్చును. కొలిచి, గీచి, ఒక పుస్తకముగా గ్రంథాలయమున భద్రపరచుటకు మాత్రము ఒక కొలత్రాడును, కొంత ఓపికయు చాలును. రజతోత్సవ సమయమున ఆ కార్యమునకు పూనుకొనుట మనకు శోభస్కరము.