36 ఏళ్లకు తొలి ఛాన్స్.. అయినా తొలి కెప్టెన్!

అవనిగడ్డలో రూమ్ తీసుకుని డీఎస్సీకి ప్రిపేర్ అవుతున్నారా? బందరులోనో, గుడివాడలోనో బీటెక్ పూర్తిచేసి నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నారా? అయితే ఈ వారం సీకే నాయుడు గురించి చదవండి. భారత జట్టు తొలి టెస్ట్ కెప్టెన్ ఎవరు అన్న జీకే బిట్‌కి ఆయన పేరు మీరు చాలాసార్లు టిక్ పెట్టే ఉంటారు. ఆ ఒక్క మార్కు వెనకున్న కెరీర్ మాత్రం మనలో చాలామందికి తెలీదు.

పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు. పూర్వీకులది మన బందరే. ఆయన పుట్టింది మాత్రం నాగ్‌పూర్‌లో, 1895 అక్టోబరు 31న. 1916లో హిందూ జట్టు తరఫున యూరోపియన్ల మీద తొలి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడారు. తొమ్మిదో నంబరు బ్యాటర్‌గా దిగి, మూడు బంతులు ఆపి, నాలుగోది సిక్సర్ కొట్టారు. అప్పటికి వయసు 20.

టాలెంట్ ఉంది. కానీ 'పోస్టు' లేదు! అప్పటికి భారత్‌కి టెస్ట్ జట్టే లేదు మరి. ఎంత బాగా ఆడినా దేశం తరఫున టెస్ట్ ఆడే దారి లేదు. ఆ దారి తెరుచుకోవడానికి 16 ఏళ్లు పట్టింది.

ఈ 16 ఏళ్లు ఆయనేం చేశారన్నది మనకి ముఖ్యం. ఖాళీగా కూర్చోలేదు. 1923లో ఇండోర్ హోల్కర్ మహారాజు పిలిచి తన సైన్యంలో హోదా ఇచ్చారు. అలా కొలువు, క్రికెట్ రెండూ ఒకేచోట కుదిరాయి. 1926లో ఇంగ్లాండ్ నుంచి ఎంసీసీ జట్టు వచ్చినప్పుడు బొంబాయి జింఖానాలో రెండు గంటలు కూడా తిరక్కుండానే 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు. మనవాళ్లు ఇంగ్లాండ్‌తో సమానంగా ఆడగలరన్న నమ్మకం పెరగడానికి ఆ ఇన్నింగ్స్ ఓ కారణం. రెండేళ్లకే, 1928లో, క్రికెట్ బోర్డు ఏర్పడింది.

1932లో ఇంగ్లాండ్ టూర్‌కి కెప్టెన్ పోర్‌బందర్ మహారాజు. హోదా ఉంది, ఆట మాత్రం అంతంతే. తొలి టెస్టుకి ఆయనే తప్పుకున్నారు. వైస్ కెప్టెన్ కూడా ఆడలేదు. అలా జూన్ 25న లార్డ్స్‌లో జట్టుని నడిపించే బాధ్యత నాయుడికి వచ్చింది. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా, తొలి ఇన్నింగ్స్‌లో మన జట్టు చేసిన 189లో 40 ఆయనవే. అదే టాప్ స్కోర్. మ్యాచ్ ఓడిపోయాం. కానీ ఆ టూర్‌లో ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌ల్లో 1618 పరుగులు, 65 వికెట్లు తీసిన నాయుడిని విజ్డెన్ ఆ ఏటి ఐదుగురు మేటి ఆటగాళ్లలో ఒకరిగా ఎంపిక చేసింది.

తర్వాతంతా సాఫీగా సాగిందనుకోకండి. 1936 టూర్‌కి కెప్టెన్సీ విజయనగరం మహారాజ్‌కుమార్‌కి వెళ్లింది. డబ్బు, పలుకుబడి పనిచేశాయి. ఆయన మూడు టెస్టుల్లో చేసింది 33 పరుగులు! నాయుడు ఆయన కిందే ఆడారు. ఓవల్ టెస్టులో బంతి బలంగా తగిలినా క్రీజు వదల్లేదు, 81 కొట్టారు. అదే ఆయన టెస్టుల్లో అత్యధిక స్కోర్, అదే చివరి టెస్ట్. మొత్తం ఆడినవి ఏడంటే ఏడు టెస్టులు.

అంతటితో ఆగిపోయారా? లేదు. ఆయన ఉన్న హోల్కర్ జట్టు నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. 1953-54లో ఆంధ్రా జట్టు మొదటిసారి రంజీ బరిలోకి దిగినప్పుడు కెప్టెన్ ఎవరనుకున్నారు? 58 ఏళ్ల నాయుడే. 61 ఏళ్ల వయసులో ఉత్తరప్రదేశ్ తరఫున రంజీలో 84 కొట్టారు. 1956లో పద్మభూషణ్ వచ్చింది. 1967 నవంబరు 14న ఇండోర్‌లో కన్నుమూశారు. బోర్డు ఇచ్చే జీవిత సాఫల్య పురస్కారం ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఆయనది ఆస్తిపాస్తులున్న కుటుంబం, పైగా మహారాజు కొలువు. నెల తిరిగేసరికి రూమ్ అద్దె, మెస్ బిల్లు కట్టాల్సిన మన పరిస్థితి వేరు. కాబట్టి 16 ఏళ్లు ఓపిక పట్టమని మీకు చెప్పను. ఆయన దగ్గర తీసుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఎదురుచూస్తూనే చేతిలో పని పెట్టుకోవడం. అది ప్రైవేటు స్కూల్లో పాఠాలైనా, చిన్న ప్రాజెక్టైనా సరే. రెండు, ఇంకో స్కిల్. నాయుడు బ్యాటర్‌గా ఫేమస్, కానీ ఫస్ట్‌క్లాస్‌లో 400కు పైగా వికెట్లు కూడా తీశారు.

నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మీ చేతిలో లేదు. అది వచ్చే రోజుకి మీరు ఫామ్‌లో ఉన్నారా లేదా అన్నది మాత్రం మీ చేతిలోనే ఉంది.