హెర్మన్ బ్లూమ్‌గార్ట్

హెర్మన్ బ్లూమ్‌గార్ట్ (1895 - 1977) అమెరికా దేశానికి చెందిన సుప్రసిద్ధ హృద్రోగ నిపుణుడు. రేడియోధార్మిక పదార్థమును మనిషి రక్తములోనికి ఎక్కించి, దాని జాడను బట్టి రక్తప్రసరణ వేగమును కొలిచిన మొదటి వైద్యుడు ఇతడే. అందుచేత ఇతనిని రోగనిర్ధారణలో అణువైద్యమునకు ఆద్యునిగా పేర్కొంటారు.

బాల్యము, విద్య

ఇతడు న్యూజెర్సీ రాష్ట్రములోని నెవార్క్ నగరములో జన్మించాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయములో చదివి 1921లో వైద్యపట్టా పొందాడు.

రక్తప్రసరణ వేగము

గుండె బలహీనపడినపుడు రక్తము మందముగా ప్రవహిస్తుందని వైద్యులు ఎరుగుదురు. ఎంత మందముగా అన్నది నిక్కచ్చిగా కొలవడానికి సరియైన సాధనము మాత్రము అప్పటికి లేదు. ఇందుకు వాడే పదార్థము శరీరములో సహజముగా ఉండరాదు, హాని చేయరాదు, అతిస్వల్ప పరిమాణములోనైనా పసిగట్టడానికి వీలు కావాలి, త్వరగా నశించాలి. ఈ లక్షణములన్నీ రేడియం-సి లో ఉన్నాయని బ్లూమ్‌గార్ట్ గుర్తించాడు. నేడు బిస్మత్-214 అని పిలిచే ఈ పదార్థము దాదాపు 20 నిమిషములలో సగానికి తగ్గిపోతుంది.

1925 ప్రాంతములో బోస్టన్ నగర ఆసుపత్రికి చెందిన థార్న్‌డైక్ ప్రయోగశాలలో ఈ పరిశోధన మొదలైనది. ఒక చేతి సిరలోనికి ద్రావణమును ఎక్కించి, రెండవ చేతి వద్ద విల్సన్ క్లౌడ్ చాంబరును అమర్చేవారు. రేడియోధార్మికత అక్కడికి చేరగానే చాంబరులో ఆవిరి గీతలు కనబడేవి. తొలి ప్రయోగమును బ్లూమ్‌గార్ట్ తన శరీరము మీదనే చేసుకొన్నాడు. రేడియోధార్మికత వలన కలిగే కీడు పూర్తిగా తెలియని ఆ రోజులలో ఇది సాహసమే. ఆరోగ్యవంతులలో చేతి నుండి చేతికి రక్తము చేరడానికి సగటున 18 సెకనులు పట్టగా, గుండె వైఫల్యము ఉన్నవారిలో అంతకంటే చాలా ఎక్కువ సమయము పట్టినది. ఆటో యెన్స్, సోమా వైస్ ఇతని సహపరిశోధకులు. ఫలితములు 1927లో వెలువడ్డాయి.

ఇతర కృషి

తరువాత ఇతడు బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో పనిచేశాడు. అక్కడ మన్రో ష్లెసింజర్‌తో కలిసి, మరణించినవారి గుండె ధమనులలోనికి రంగు పదార్థములను ఎక్కించి పరిశీలించాడు. ధమని మూసుకుపోయినా పక్కదారులలో రక్తము అందితే గుండె కండరము నిలబడగలదని ఈ అధ్యయనము చూపినది. రెండవ ప్రపంచయుద్ధ కాలములో అమెరికా సైన్యపు వైద్య సలహాదారుగా భారత-బర్మా రంగములో సేవలందించాడు.

అనంతర పరిణామములు

బ్లూమ్‌గార్ట్ పద్ధతి కాలమును కొలిచినదే గాని గుండె చిత్రమును ఇవ్వలేదు. ఆ కొరతను 1950 దశకము చివరలో హాల్ యాంగర్ నిర్మించిన గామా కెమెరా తీర్చినది. 1970 దశకములో థాలియం-201, తరువాత టెక్నీషియం-99ఎం సమ్మేళనములు రావడముతో, గుండె కండరములో ఏ భాగమునకు రక్తము చాలడము లేదో శస్త్రచికిత్స లేకుండానే చూడడము సాధ్యమైనది. థాలియం పరీక్ష ఆసుపత్రులలోనికి అడుగుపెడుతున్న 1977లోనే బ్లూమ్‌గార్ట్ మరణించాడు.